పాత జపాన్ 100 సీసీ బండి కొనాలంటే: ఆర్ఎక్స్, సుజుకి, కవాసకి, సీడీ 100లో మీ బండి ఏది?

పాత బండి చూడ్డానికి వెళ్ళినవాళ్ళలో పదికి తొమ్మిది మంది ముందు కిక్ కొట్టి సౌండ్ వింటారు. నేను చెప్పేది దానికి ఉల్టా. ముందు ఆర్‌సీ చూడండి, తర్వాత రేకు చూడండి, ఇంజన్ చివర్న చూడండి. 100 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజన్‌ని మంచి లేత్ మనిషి చేతిలో పెడితే మళ్ళీ కొత్తదానిలా తయారవుతుంది. పోయిన ఆర్‌సీని, నంబరు కొట్టేసిన చాసిస్‌ని, కంపెనీ మడ్‌గార్డుని ఏ మెకానిక్కూ తయారుచేయలేడు. ఈ వరసని తలకిందులు చేసే నా మొదటి యమహా ఆర్ఎక్స్ 100 కొన్నాను. దాని సంగతి కాగితాల దగ్గర చెప్తాను.

జపాన్ సింగిల్ అనగానే బయటి దేశాల్లో యమహా ఎక్స్‌టీ 500, 1978లో వచ్చిన ఎస్ఆర్ 500 లాంటి పెద్ద ఫోర్‌స్ట్రోక్ బళ్ళ గురించి మాట్లాడుకుంటారు. మన దగ్గర కథ వేరు. ఎనభైల మొదట్లో మన ప్రభుత్వం 100 సీసీ దాకా ఉన్న బళ్ళకి విదేశీ కంపెనీల సహకారం తీసుకోవచ్చని ఒప్పుకుంది, అందుకే జపాన్ నుంచి వచ్చిన నాలుగు కంపెనీలూ దాదాపు ఒకే సైజు ఇంజన్‌తో దిగాయి. ఒకే కొలత, నాలుగు రకాల ఆలోచన. పోల్చి చూసుకోవడానికి ఇంతకన్నా మంచి గుంపు ఇంకోటి లేదని నా నమ్మకం. రాజ్‌దూత్ 350ని ఇందులో కలపడం లేదు, అది రెండు సిలిండర్ల బండి.

మొదటి మెట్టు: నడపడానికా, దాచడానికా?

రెండూ అంటారు అందరూ. కానీ డబ్బు పెట్టేముందు ఒకటి తేల్చుకోవాలి. దాచుకునే బండికి ఒరిజినల్ పెయింటు, స్టిక్కర్లు, మీటరు, టూల్ కిట్ ముఖ్యం, ఇంజన్ కొంచెం నీరసంగా ఉన్నా ఫర్వాలేదు. రోజూ ఆఫీసుకి నడిపే బండికి స్పేర్లు దొరకడం ముఖ్యం, మడ్‌గార్డు డూప్లికేటు అయినా పెద్ద నష్టం లేదు. ఈ రెండూ కలిసిన బండి కావాలంటే ధర ఒక్కసారిగా పైకి వెళ్తుంది, పైగా అలాంటి బండి కొన్నాక దాన్ని వానలో తియ్యడానికి మనసొప్పదు, ఎండలో పార్కు చేయాలంటే టెన్షన్.

ఇంకో మాట. వీటిని మనం వింటేజ్ అంటున్నాం గానీ చట్టం ఇంకా అనడం లేదు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండే వింటేజ్, దానికి నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయల ఫీజు, రోజువారీ వాడకానికి అది పనికిరాదు. 1985 బండికి ఆ గౌరవం 2035లో గానీ రాదు. కాబట్టి ఇప్పటికి ఇవి మామూలు పాత బళ్ళే, మామూలు రూల్సే.

రెండో మెట్టు: నాలుగు బళ్ళ స్వభావం తెలుసుకోండి

ఇండ్-సుజుకి ఏఎక్స్ 100. ఈ గుంపులో అన్నిటికన్నా ముందు, 1984లో వచ్చింది. టీవీఎస్ వాళ్ళు తమిళనాడులోని హోసూరులో తయారుచేశారు. టూస్ట్రోకే గానీ ఉరుకుల పరుగుల బండి కాదు. తక్కువ స్పీడులో మూడో గేరులోనే మెత్తగా లాగుతుంది, బరువు లేదు, సందుల్లో సైకిల్ తిప్పినట్టు తిప్పొచ్చు. కలెక్టర్లు దీని వంక పెద్దగా చూడరు, అందుకే ఇప్పటికీ అందుబాటు ధరలో దొరుకుతుంది. నన్నడిగితే మన దేశంలో 100 సీసీ జపాన్ బళ్ళ చరిత్ర మొదలైంది దీనితోనే, ఆ విలువ దీనికి ఇంకా రాలేదు. మంచి కండిషన్‌లో ఉన్నది, కంపెనీ రంగుతో ఉన్నది కనిపిస్తే వదలొద్దు. టీవీఎస్, సుజుకి 2001లో విడిపోయాయి, దీని తర్వాత వచ్చిన సమురాయ్, షోగన్ కూడా ఆ భాగస్వామ్యం ఇచ్చిన బళ్ళే.

హీరో హోండా సీడీ 100. 1985లో వచ్చింది, హర్యానాలోని ధారుహేడా ఫ్యాక్టరీ నుంచి. నాలుగింటిలో ఇదొక్కటే ఫోర్‌స్ట్రోక్, 97.2 సీసీ. టూటీ ఆయిల్ (టూస్ట్రోక్ ఇంజన్‌కి పెట్రోలుతో పాటు పోయాల్సిన ఆయిల్) గొడవ లేదు, పొగ లేదు, మైలేజీలో మిగతా మూడూ దీని దరిదాపుల్లోకి రావు. పికప్ మాత్రం ఆశించకండి. చైన్ మొత్తం మూసి ఉన్న కవరు లోపల ఉంటుంది కాబట్టి మట్టి పడదు, ఏళ్ళ తరబడి నడుస్తుంది. దీని ఇంజన్ కుటుంబమే తర్వాత స్ప్లెండర్‌లోకి వెళ్ళింది, కాబట్టి ఇంజన్ స్పేర్లకి మండల కేంద్రంలోని షాపు చాలు. రోజూ నడిపే పాత బండి కావాలంటే కళ్ళు మూసుకుని ఇదే తీసుకోమంటాను. కాకపోతే పల్లెల్లో పాలక్యాన్లు, గడ్డిమోపులు మోసీ మోసీ చాలా బళ్ళ వెనక భాగం అరిగిపోయి ఉంటుంది, క్యారియర్ బిగించిన చోట ఫ్రేము పగుళ్ళు చూడాలి.

యమహా ఆర్ఎక్స్ 100. దీని గురించి ఎంత రాసినా తరగదు. ఎస్కార్ట్స్ వాళ్ళు 1985 చివర్లో తెచ్చారు, 1996లో ఆపేశారు. 98 సీసీ టూస్ట్రోక్, బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, అదీ 50 మిల్లీమీటర్లే. 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. బండి బరువు 103 కిలోలు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే రహస్యం అర్థమవుతుంది: తేలికైన బండికి ఆ రోజుల్లో 100 సీసీలో ఎవరూ ఇవ్వనంత బలం ఇచ్చారు. ఇంజన్‌లోకి గాలీ పెట్రోలూ వెళ్ళే దారిలో రీడ్ వాల్వ్ అని పల్చటి రేకు తలుపులుంటాయి. ఇంజన్ పీల్చినప్పుడు తెరుచుకుని, వెనక్కి తోసినప్పుడు మూసుకుంటాయి, దాంతో కింది స్పీడులోనూ బండి చచ్చుబడదు.

చేవెళ్ళ రోడ్డు మీద మర్రిచెట్ల కింద నుంచి వికారాబాద్ వైపు వెళ్ళి అనంతగిరి ఘాట్ ఎక్కించాను చాలాసార్లు. మలుపు తిరిగాక రెండో గేరులో యాక్సిలరేటర్ తిప్పితే మొదట ఒక్క క్షణం ఏమీ ఉండదు, తర్వాత సైలెన్సర్ గొంతు మారుతుంది, టింగ్ మని ఒక లోహపు చప్పుడు కలుస్తుంది, ముందు చక్రం తేలికవుతుంది. సీడీ 100తో అదే మలుపులో గేరు దించి, ఓపిగ్గా ఎక్కాలి. దిగేటప్పుడు మాత్రం కథ మారుతుంది. ఆర్ఎక్స్‌కి ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే, పైగా టూస్ట్రోక్‌లో ఇంజన్ బ్రేకింగ్ తక్కువ, యాక్సిలరేటర్ వదిలినా బండి జారుతూనే ఉంటుంది. దీని వేగానికి దీని బ్రేకులు సరిపోవు. ఇష్టం ఉన్నవాడిగానే ఈ మాట చెప్తున్నాను.

కవాసకి బజాజ్ కేబీ 100. 1986లో వచ్చింది, తర్వాత ఆర్‌టీజెడ్ పేరుతో ఇంకో అవతారం. ఇది మిగతా వాటికి భిన్నం. రీడ్ వాల్వ్ బదులు క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) పక్కనే తిరిగే పల్చటి డిస్క్ ఉంటుంది, దానికి కోసిన సందు గుండా గాలీ పెట్రోలూ లోపలికి వెళ్తాయి. అందుకే కార్బొరేటర్ సిలిండర్ వెనక కనబడదు, ఇంజన్ కుడి కవరు లోపల దాక్కుని ఉంటుంది. నడిపితే ఎంతో నున్నగా సాగుతుంది. కానీ కార్బొరేటర్ శుభ్రం చేయాలన్నా కవరు విప్పాలి, కొత్త కుర్రాళ్ళలో చాలామంది మెకానిక్కులకి ఇది ఎక్కడుందో కూడా తెలియదు. స్పేర్లు నాలుగింటిలో దీనికే కష్టం. దాచుకోవడానికి మంచిదే, రోజూ నడపడానికి మాత్రం వద్దంటాను.

ఆర్ఎక్స్ రుచి కావాలి, ధర భరించలేం అనుకుంటే ఆర్ఎక్స్ 135 చూడండి. 2005 దాకా తయారైంది, 5 గేర్ల మోడల్ హైవే మీద ఇంకా సుఖం.

మూడో మెట్టు: కాగితాలు

బండి దగ్గరకి వెళ్ళకముందే ఆర్‌సీ ఫోటో అడగండి. నంబరు కేంద్ర రవాణా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి: రిజిస్ట్రేషన్ గడువు, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ బాకీ కనిపిస్తాయి. సొంత వాడకం బండికి మొదట 15 ఏళ్ళు, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్ళకీ రెన్యూవల్. అంటే ఈ బళ్ళన్నిటికీ ఇప్పటికే కనీసం రెండు మూడుసార్లు, ఎనభైల బళ్ళకి ఇంకా ఎక్కువసార్లు రెన్యూవల్ అయి ఉండాలి. చాలావాటికి అయి ఉండదు. "అది చిన్న పనే అండీ, మీరు చేయించుకోండి" అని అమ్మేవాళ్ళు అంటారు. అంత చిన్న పని అయితే వాళ్ళనే చేయించి అమ్మమనండి. గ్రీన్ ట్యాక్సు, లేట్ ఫీజు కలిపితే చిన్న మొత్తం కాదు.

1989కి ముందు రిజిస్టరైన బళ్ళకి పాత పద్ధతిలో, మన దగ్గర ఏతో మొదలయ్యే మూడక్షరాల నంబరు ఉంటుంది. కలెక్టర్లకి ఆ ప్లేటు మీద మక్కువ ఎక్కువ. కానీ అలాంటి పాత రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో ముందే చూసుకోవాలి, ఎక్కకపోతే బదిలీ ఆగిపోతుంది. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఢిల్లీ చుట్టుపక్కల 15 ఏళ్ళు దాటిన పాత పెట్రోల్ బళ్ళ మీద ఆంక్షలు ఉన్నాయి కాబట్టి అక్కడివి ఇటు దిగుతుంటాయి, బేరం బాగుంటుంది, కాగితం సగం ఉంటుంది. బదిలీకి ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ళ సంతకం మీ కళ్ళముందే జరగాలి.

ఇప్పుడు నా మొదటి ఆర్ఎక్స్ సంగతి. పీకాక్ బ్లూ రంగు, మొదటి కిక్‌కే స్టార్టు, ఊగిపోయి అడ్వాన్సు ఇచ్చేశాను. ఆర్‌సీలో ఇంజన్ నంబరు, బండి మీద నంబరు కలిశాయి కూడా. కానీ వారం తర్వాత కిరోసిన్ గుడ్డతో ఇంజన్ తుడుస్తుంటే ఆ నంబరు చుట్టూ లోహం మిగతా చోటుకన్నా నున్నగా, కొంచెం పల్లంగా కనిపించింది. అంకెల్లో రెండు కాస్త వంకరగా ఉన్నాయి. ఎవరో పాత నంబరు అరగదీసి కొత్తది కొట్టారు. ఇన్‌స్పెక్షన్‌లో పట్టేశారు. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ బండి ఇవాళ్టికీ నా పేరు మీదకి రాలేదు. అందుకే చెప్తున్నాను: జేబులో ఒక గుడ్డ, చిన్న కిరోసిన్ సీసా, టార్చి తీసుకెళ్ళండి. నంబర్లున్న చోటు తుడవండి, టార్చి ఏటవాలుగా పెట్టి చూడండి, గీతలు, పల్లం, వెల్డింగ్ మచ్చ ఉంటే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి.

నాలుగో మెట్టు: రేకు

టాంకు మూత తీసి లోపలికి టార్చి వేయండి. పల్చటి తుప్పు పొర ఉంటే కడిగించొచ్చు. పెచ్చులు రాలుతుంటే కష్టం. టాంకు అడుగున సీమ్ దగ్గర వేలు తిప్పండి, ఎంసీల్ పూసిన గడ్డ తగులుతుందేమో చూడండి.

ఆర్ఎక్స్ మడ్‌గార్డులు క్రోమ్ ఇనుప రేకు. డూప్లికేటుది బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది, కంపెనీది కదలదు. సైడ్ డోముల (సీటు కింద రెండు పక్కలా ఉండే మూతల) లాక్ పళ్ళు విరిగాయా, మీటరు అద్దం లోపల తేమ పట్టిందా చూడండి. హ్యాండిల్ లాక్ పనిచేస్తోందో లేదో చూడండి, పనిచేయకపోతే ఎప్పుడో ఒకప్పుడు బలంగా విరిచారని అర్థం. వెనక నుంచి పది అడుగుల దూరంలో కూర్చుని రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి.

పాత రంగు సగానికి పైగా బాగుంటే దాన్ని ముట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. కొత్త పెయింటు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, ఫ్యాక్టరీ పెయింటు మాత్రం ఒక్కసారే.

అయిదో మెట్టు: ఇంజన్

వెళ్ళేముందే చెప్పండి, బండి స్టార్టు చేసి ఉంచొద్దని. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఒక గంట టీ తాగి రండి. చల్లటి ఇంజన్ చోక్ వేసి మూడు కిక్కుల్లో అందుకోవాలి.

టూస్ట్రోక్‌కి మొదట తెల్లటి పొగ మామూలే. పది నిమిషాలు తిరిగొచ్చాక పల్చబడాలి. అప్పటికీ దట్టంగా, గేర్ ఆయిల్ కాలిన వాసనతో వస్తుంటే క్లచ్ వైపు క్రాంక్ ఆయిల్ సీలు పోయినట్టు. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే పొగ ఉండదు, అది ఇంకా ప్రమాదం: అటు నుంచి బయటి గాలి లోపలికి వెళ్తుంది, ఆ గాలికి తగ్గ పెట్రోలు అందదు, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. దీన్ని పట్టుకునే పద్ధతి సులువు. బండి నిలిపి, ఇంజన్ ఆపకుండా, యాక్సిలరేటర్ ఒకసారి తిప్పి వదలండి. ఆర్‌పీఎం వెంటనే దిగిపోతే సరే. పైనే వేలాడి మెల్లగా దిగుతుంటే ఎక్కడో గాలి లీకవుతోంది. సీలు ఖరీదు తక్కువే, కానీ క్రాంక్ సీళ్ళు మార్చాలంటే కూలీ ఉంటుంది, బేరంలో ఆ మాట పెట్టండి.

రెండో గేరులో గట్టిగా లాగి చూడండి, గేరు ఎగిరి పడకూడదు. ఇంజన్ కింది నుంచి గరగర శబ్దం వస్తే బేరింగులు, కన్‌రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) పోయినట్టు. మన మెకానిక్కులు హాఫ్ ఇంజన్ అంటే సిలిండర్ పిస్టన్ పని, ఫుల్ ఇంజన్ అంటే క్రాంక్ కూడా. రెండింటి ఖర్చుకీ చాలా తేడా.

బోరు ఎన్నిసార్లు చేశారో, అంటే అరిగిన సిలిండర్‌ని ఎన్నిసార్లు కోసి పెద్దది చేశారో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన లేత్ షాపులో కూర్చుని నేర్చుకున్నాను ఇది. నా సిలిండర్ హెడ్డు విప్పి, పిస్టన్ తల మీద మసిని బ్లేడుతో గీకాడు, గుండ్రటి పిస్టన్ మీద చిన్న అక్షరాల్లో 75 అని కనిపించింది. "చూశావా బాబూ, ఇది మూడో బోరు. ఇంకొక్కటే మిగిలింది" అన్నాడు. "ఆ తర్వాత ఏం చేయాలి బాబాయ్?" అంటే, "స్లీవ్ వేయాలి, లేదా వేరే బ్లాకు వెతుక్కోవాలి" అన్నాడు. పిస్టన్లు పావు మిల్లీమీటర్ చొప్పున పెద్ద సైజుల్లో వస్తాయి: 25, 50, 75, 100. ఆ అంకె ఎంత చిన్నదైతే ఇంజన్‌కి అంత ఆయుష్షు. ఇంకో లాభం కూడా ఉంది, ఆర్ఎక్స్ 100లో 135 బ్లాకు వేసి అమ్మేవాళ్ళు చాలామంది. 135కి బోరు 58 మిల్లీమీటర్లు, హెడ్డు విప్పి స్కేలు పెట్టినా తేడా తెలిసిపోతుంది. కలెక్షన్ విలువ అక్కడే పోతుంది.

సీడీ 100కి పరీక్ష వేరు. చల్లటి ఇంజన్ స్టార్టు చేసినప్పుడు నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్ళు, ఆగకుండా వస్తుంటే రింగులు. ఎడమవైపు చిటచిట అంటే టైమింగ్ చైన్. టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వ్ దగ్గర వదిలే సందు, 0.05 మిల్లీమీటర్లు, చల్లటి ఇంజన్ మీదే చూడాలి.

ఆరో మెట్టు: కొన్నాక మొదటి నెల

ఆర్ఎక్స్‌లో టూటీ ఆయిల్ కలిపే పంపు ఉంటుంది, యాక్సిలరేటర్ తిప్పినదాన్ని బట్టి అదే ఆయిల్ పంపిస్తుంది. చాలా బళ్ళలో దీన్ని తీసేసి ఉంటారు. పంపు ఉంటే గొట్టంలో గాలి బుడగలు తీయించండి. లేకపోతే పెట్రోల్లో మీరే కలపండి: లీటరుకి 25 మిల్లీలీటర్లు. కొత్తగా బోరు చేయించిన ఇంజన్‌కి మొదటి ట్యాంకు 33 మిల్లీలీటర్లు పోయండి. బంకులో కళ్ళతో కొలిచి పోయొద్దు, దగ్గుమందు సీసాతో పాటు ఇచ్చే కొలత కప్పు జేబులో పెట్టుకోండి.

ఇప్పుడు మన పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు, ఉబ్బుతాయి, పగులుతాయి. కొనగానే పెట్రోల్ పైపు, కార్బొరేటర్ వాషర్లు, ఫ్లోట్ సూది మార్పించండి. ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది కూడా, అందుకే రెండు వారాలకి మించి బండి తీయకపోతే కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టాలి.

ఆర్ఎక్స్‌కి గోల చేసే సైలెన్సర్ బిగించొద్దు. పోలీసులు పీకించి రోడ్డు రోలరుతో తొక్కించడం విశాఖలోనూ హైదరాబాదులోనూ చూశాం. అదొక్కటే కారణం కాదు, ఈ ఇంజన్‌కి సైలెన్సర్ లోపలి ఆకారమే సగం బలం. ఒరిజినల్ సైలెన్సర్‌లో మసి పేరుకుపోతే బండి పైస్పీడు చచ్చిపోతుంది, లోపలి గొట్టం తీసి కాల్చి మసి దులిపితే చాలు.

స్పేర్లకి నేను వెళ్ళే చోట్లు: సికింద్రాబాద్ రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్. అక్కడ దొరకని పాత కంపెనీ సామాను కోసం చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్‌బాగ్. పాత ముక్కని చేత్తో పట్టుకెళ్ళండి, ఫోన్లో ఫోటో చూపిస్తే తప్పుది ఇస్తారు. కంపెనీ ప్యాకింగ్‌లో ఉన్న పాయింట్ల సెట్టు, క్లచ్ ప్లేట్లు, ఆయిల్ సీళ్ళు కనిపిస్తే అవసరం లేకపోయినా ఒక జత కొని పెట్టుకోండి.

బోరు చేయించాక మొదటి 500 కిలోమీటర్లు సగం యాక్సిలరేటర్ దాటొద్దు, వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు, ఒకే స్పీడులో ఎక్కువసేపు పోవద్దు. 100 కిలోమీటర్లకోసారి ప్లగ్గు విప్పి చూడండి: పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగు ఉంటే బాగున్నట్టు, తెల్లగా కాలి ఉంటే అక్కడే ఆపి గాలి లీకు వెతకండి, నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువైంది. ఇంటికొచ్చాక పెట్రోల్ కాక్ కట్టేయండి, రాత్రంతా తెరిచి ఉంచితే ఫ్లోట్ సూది దాటి పెట్రోల్ క్రాంక్‌లోకి దిగి, పొద్దున్న ఎన్ని కిక్కులు కొట్టినా బండి అందుకోదు.